ఓవెన్‌లో కాలిన కుకీలో గంజాయి మత్తు ఎలా మిగిలింది? వేడికి అసలు ఏం జరుగుతుంది?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ పక్క ఊళ్లో ఉంటున్నాను. మూడు వారాల కిందట మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన కొన్ని సందేహాలను మిగిల్చిపోయింది. రసాయనశాస్త్రం, వైద్యం తెలిసినవారు ఇక్కడ ఉన్నారు కనుక అడుగుతున్నాను.

మా నాన్నగారు సందర్శక వీసా మీద మా దగ్గరికి వచ్చి ఉన్నారు. వయసు 67, బీపీకి రోజూ వేసుకునే మాత్ర తప్ప వేరే మందులేవీ లేవు. ఒక శనివారం భోజనాలకు వచ్చిన స్నేహితుల్లో ఒకరు అల్యూమినియం రేకులో చుట్టిన నాలుగు కుకీలను మా ఫ్రిజ్ తలుపు అరలో పెట్టి, మర్చిపోయి వెళ్లారు. అవి గంజాయి కాచిన వెన్నతో ఇంట్లో చేసుకున్నవని మాకు తెలియదు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నాన్నగారు ఒకదాన్ని సగం విరిచి కాఫీతో తిన్నారు. ఎండుగడ్డి వాసన కొంచెం తగిలిందనీ, ఇక్కడి వెన్న అంతేనేమోనని ఊరుకున్నాననీ తరువాత చెప్పారు. గంటకు పైగా ఏమీ కాలేదు. నాలుగుంపావుకు మిగిలిన సగం కూడా తిన్నారు. ఐదున్నర ప్రాంతంలో సోఫా అంచును రెండు చేతులతో పట్టుకుని, గోడ గడియారం నిలిచిపోయిందేమో చూడమనీ, తాను ఒకే మాటను మళ్లీ మళ్లీ అంటున్నానా అనీ నన్ను అడగడం మొదలుపెట్టారు. లేచి నిలబడబోయి కూలబడ్డారు. ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి గుండె వేగం నిమిషానికి 128 ఉంది. రాత్రంతా దగ్గర ఉంచుకుని, మర్నాడు ఉదయం ఇంటికి పంపించారు. ఇప్పుడు కులాసాగా ఉన్నారు.

ఆయన ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. భయం తగ్గిన మర్నాటి నుంచీ ప్రశ్నలు మొదలయ్యాయి. 350 ఫారెన్‌హీట్ డిగ్రీల ఓవెన్‌లో, అంటే మన లెక్కలో 177 డిగ్రీల వేడిలో కాలిన పిండిలో ఆ మత్తు పదార్థం నశించకుండా ఎలా ఉంది అన్నది మొదటిది. శివరాత్రి జాతరల్లో చిలుం పీల్చే సాధువులకు రెండు నిమిషాల్లోనే కళ్లు ఎర్రబడేవి కదా, మరి దీనికి రెండు గంటలు ఎందుకు పట్టింది అన్నది రెండోది. మూడోది నాకూ వింతగా తోచింది. గంజాయిని పచ్చిగా తింటే ఏమీ కాదు, వేడి చేస్తేనే పని చేస్తుందని ఆ స్నేహితుడు అంటాడు. నాన్నగారేమో ఉద్యోగంలో చేరిన కొత్తలో కాశీయాత్రకు వెళ్లినప్పుడు భంగు కలిపిన తండాయి తాగాననీ, అది ఐసు ముక్కలు వేసిన చల్లటి పానీయమనీ, అయినా ఆ సాయంత్రం గంగ ఒడ్డున మెట్లు లెక్కపెట్టలేకపోయాననీ అంటారు. ఈ ఇద్దరిలో ఎవరి మాట సరైనది?

పటాన్‌చెరు_కెమిస్ట్

మీ నాన్నగారు కోలుకున్నందుకు సంతోషం. మాస్టారి మొదటి ప్రశ్న వెనుక, వేడి మత్తును చంపుతుందనే ఊహ ఉంది. ఇక్కడ జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. గంజాయి మొక్క టీహెచ్‌సీ అనే మత్తు పదార్థాన్ని నేరుగా తయారుచేయదు. ఆడ మొక్క పూత మీద, కంటికి నూగులా కనిపించే బంక గ్రంథుల్లో అది తయారుచేసుకునేది టీహెచ్‌సీఏ అనే ఆమ్లం. ఈ ఆమ్లం అణువుకు ఒక పక్కన కార్బాక్సిల్ సమూహం తోకలా అంటుకుని ఉంటుంది. ఆ తోక ఉన్నంతకాలం అణువు మెదడులోకి సరిగా చేరదు, చేరినా అక్కడ మత్తును పుట్టించే సీబీ1 గ్రాహకాలను (అణువు అతుక్కునే తాళంలాంటి చోట్లను) గట్టిగా పట్టుకోలేదు. వేడి తగిలితే ఆ తోక బొగ్గుపులుసు వాయువుగా (కార్బన్ డయాక్సైడ్‌గా) విడిపోతుంది, మిగిలినది టీహెచ్‌సీ. ఈ చర్య పేరు డీకార్బాక్సిలేషన్. ఇదే మొక్కలోని మరో పదార్థం, మత్తు కలిగించని సీబీడీకి కూడా ఇదే కథ. మొక్కలో ఉండేది సీబీడీఏ, వేడి తగిలితే సీబీడీ.

లెక్కల మాస్టారు కనుక అంకెలు కూడా చెబుతాను. టీహెచ్‌సీఏ అణుభారం సుమారు 358, టీహెచ్‌సీది 314. పోయిన 44 సరిగ్గా కార్బన్ డయాక్సైడ్ అణుభారం. అంటే 100 గ్రాముల ఆమ్లం మొత్తం మారినా చేతికి వచ్చేది 87.7 గ్రాములే. మీ రాష్ట్రంలో దుకాణాల పొట్లాల మీద టీహెచ్‌సీఏ 20 శాతం, టీహెచ్‌సీ 0.8 శాతం అని విడివిడిగా ఉండటం చూసే ఉంటారు. ఆ 20ని 0.877తో గుణించి 0.8 కలిపితే వచ్చే 18.3 శాతమే, వేడి చేశాక ఉండగల గరిష్ఠ మత్తు. ఆ 0.8ని మాత్రం చూసి బలహీనమైన సరుకని అనుకుంటే దాదాపు ఇరవై మూడు రెట్లు తప్పినట్టే.

ఈ మార్పు వేగం ఉష్ణోగ్రతను బట్టి చాలా తేడాగా ఉంటుంది. 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు అరగంట పడితే, 145 దగ్గర పది నిమిషాలు కూడా పట్టదు. గది వేడిలో కూడా చర్య ఆగదు, కాకపోతే నెలల తరబడి మెల్లగా నడుస్తుంది. మీ ప్రశ్నలోని తండాయి చిక్కు విడిపోయేది ఈ చివరి వాక్యం దగ్గరే.

ఇక ఓవెన్ సంగతి. ఓవెన్‌లోని గాలి 177 డిగ్రీలు ఉండవచ్చు కానీ, పిండిలో తడి ఉన్నంతసేపు కుకీ లోపలి భాగం నీరు మరిగే వేడిని దాటదు. ఇడ్లీ పాత్ర కింద ఎంత మంట పెట్టినా ఇడ్లీ వంద డిగ్రీలు దాటనట్టే. ఆ పది, పన్నెండు నిమిషాల్లో టీహెచ్‌సీ పెద్దగా ఆవిరి కాదు, విరిగిపోదు. అసలు పని అంతకుముందు, వెన్నలో కాచినప్పుడే అయిపోయింది. అలాంటి సారాన్ని గాజు బీకరులో వేడి చేస్తే, నీరంతా పోయాక కూడా సన్నటి బుడగలు వస్తూనే ఉంటాయి. ఆ వచ్చేది విడిపోతున్న కార్బన్ డయాక్సైడ్. బుడగలు ఆగాయంటే మార్పు దాదాపు పూర్తయిందని అర్థం.

మా వృత్తికి సంబంధించిన చిన్న ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. నమూనాను ఆవిరిగా మార్చి, అందులోని పదార్థాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రంలో నమూనాను ఎక్కించే ద్వారమే 250 డిగ్రీలకు పైగా వేడిగా ఉంటుంది. పచ్చి పూత సారాన్ని అందులోకి ఎక్కిస్తే, ఆమ్లంలో చాలా భాగం ఆ ద్వారంలోనే టీహెచ్‌సీగా మారిపోయి, మొక్కలోనే టీహెచ్‌సీ నిండా ఉన్నట్టు చూపిస్తుంది. కొలిచే పనిముట్టే కొలవాల్సిన వస్తువును మార్చేస్తుందన్నమాట. ఆమ్లాన్నీ టీహెచ్‌సీనీ విడివిడిగా చూడాలంటే నమూనాను ద్రవంలోనే విడదీసే, వేడి అక్కరలేని హెచ్‌పీఎల్‌సీ పద్ధతి వాడాలి.

అతి వేడికి, గాలికి, వెలుతురుకు ఎక్కువకాలం గురైతే టీహెచ్‌సీ కూడా మెల్లగా సీబీఎన్ అనే పదార్థంగా మారుతుంది. దాని మత్తు చాలా తక్కువ. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న గంజాయి సత్తువ కోల్పోయేది ఇందువల్లే. కనుక వేడి మత్తును పుట్టించేదీ నిజమే, మితిమీరితే తగ్గించేదీ నిజమే. మీ కుకీలు ఆ రెండో దశ దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు.

రాత్రి_డ్యూటీ

నేను అమెరికాలోనే వేరే రాష్ట్రంలో అత్యవసర విభాగంలో పనిచేస్తున్నాను. మీ నాన్నగారి కథ నాకు చాలా పరిచితమైనది. తేడా అల్లా, మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది తెలిసే తింటారు, మీ నాన్నగారు తెలియక తిన్నారు.

రెండో ప్రశ్నకు జవాబు పొయ్యిలో లేదు, దారిలో ఉంది. పొగ పీల్చినప్పుడు నిప్పే టీహెచ్‌సీఏను క్షణంలో మారుస్తుంది. ఆ టీహెచ్‌సీ ఊపిరితిత్తుల నుంచి గుండెకు, గుండె నుంచి నేరుగా మెదడుకు వెళుతుంది. రక్తంలో అది శిఖరానికి చేరడానికి పది నిమిషాలు కూడా పట్టదు, రెండు మూడు గంటల్లో ప్రభావం చాలావరకు దిగిపోతుంది. తిన్నది అలా కాదు. అది జీర్ణాశయం దాటి, పేగుల్లో కొవ్వుతో పాటు ఇంకి, అక్కడి నుంచి ముందు కాలేయానికి వెళుతుంది. కాలేయం అందులో పెద్ద భాగాన్ని విరగ్గొడుతుంది; కొంత భాగాన్ని మాత్రం 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీ అనే రూపంలోకి మారుస్తుంది. చిక్కంతా ఇక్కడే. ఆ కొత్త రూపం కూడా మత్తు కలిగించేదే, మెదడులోకి సులువుగా దూరిపోయేదే. అందుకే తిన్నవారికి అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియకపోవచ్చు. మొదలయ్యాక రెండు నుంచి నాలుగు గంటల మధ్య తీవ్రమై, ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు ఉంటుంది. కడుపు ఖాళీగా ఉందా, ఏం తిన్నారు, వయసెంత అన్నవాటిని బట్టి ఒకే మనిషికి కూడా ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు.

మీ నాన్నగారు గంటంపావు ఆగి రెండో సగం తినడమే ప్రమాదానికి మూలం. ఈ పొరపాటు ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి మీ రాష్ట్రంలోనే ఒక నమోదైన ఉదంతం ఉంది. కొలరాడోలో దుకాణాల్లో గంజాయి అమ్మకాలు 2014 జనవరిలో మొదలయ్యాయి. అదే ఏడు మార్చిలో 19 ఏళ్ల విద్యార్థి ఒకరు మొత్తం 65 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉన్న కుకీలో, అమ్మినవారు చెప్పినట్టు ఆరో వంతు ముక్క తిన్నారు. అరగంట, గంట గడిచినా ఏమీ అనిపించకపోవడంతో మిగిలినదంతా తినేశారు. ఆ తరువాత రెండున్నర గంటలకు నాలుగో అంతస్తు బాల్కనీ మీద నుంచి దూకి చనిపోయారు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2015లో ఈ ఉదంతాన్ని తన వారపత్రికలో ప్రచురించింది. మోతాదు మాట కన్నా, ఆలస్యం గురించిన హెచ్చరిక ముఖ్యమని మేమంతా రోగులకు చెప్పేది ఇలాంటివి చూశాకే.

దుకాణపు సరుకు మీద ఒక్కో ముక్కకు 10 మిల్లీగ్రాములనే హద్దు, గుర్తు రెండూ ఉంటాయి. ఇంట్లో చేసినదానికి ఆ రెండూ ఉండవు. కెమిస్ట్‌గారు ఇచ్చిన 18.3 శాతాన్నే తీసుకుని, 3.5 గ్రాముల పొట్లాన్ని వెన్నలో కాచి 24 కుకీలు చేశారనుకుందాం. మొత్తం సుమారు 640 మిల్లీగ్రాములు. వెన్నలోకి అంతా దిగిందనుకుంటే కుకీకి 26 దాటుతుంది, నష్టాలు తీసేసినా 20కి తగ్గకపోవచ్చు. వెన్న సరిగా కలవకపోతే ఒక కుకీలో 10, పక్కదానిలో 40 కూడా ఉండవచ్చు. ఎప్పుడూ అలవాటు లేని 67 ఏళ్ల మనిషికి రెండున్నర మిల్లీగ్రాములు కూడా తెలిసేలా పనిచేస్తాయి. నిలబడబోతే కూలబడటం కూడా అర్థమవుతున్నదే; టీహెచ్‌సీ గుండె వేగాన్ని పెంచి, లేచినప్పుడు రక్తపోటును పడేస్తుంది, దానికి బీపీ మాత్ర తోడైంది. దీనికి విరుగుడు మందు లేదు. వెలుతురు తగ్గించిన గదిలో, పడిపోకుండా, మనిషి తోడుతో, గుండెను గమనిస్తూ గడవనివ్వడమే చికిత్స.

మీ ఇంట్లో పసిపిల్లలు ఉంటే ఇంకొక్క మాట. అమెరికా విష సమాచార కేంద్రాలకు ఆరేళ్లలోపు పిల్లలు గంజాయి తినుబండారాలు తిన్నారంటూ వచ్చిన నివేదనలు 2017లో 207 ఉంటే 2021లో 3,054 అయ్యాయి. పెద్దవారికి ఆందోళన కలిగించే మోతాదు, పిల్లల్లో స్పృహ తప్పించి ఊపిరిని మందగింపజేయగలదు. పిల్లవాడు తిన్నట్టు అనుమానం వచ్చినా సరే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా 1-800-222-1222కు ఫోన్ చేయండి.

కొత్తగా_చేరాను

చాలా తెలుసుకున్నాను. నాదొక అనుబంధ ప్రశ్న. మంట పెట్టకుండా ఆవిరి మాత్రమే పీల్చే యంత్రాలు ఉన్నాయి కదా. టీహెచ్‌సీ 157 డిగ్రీల దగ్గర మరుగుతుందనీ, అక్కడ పెట్టుకుంటే పొగలోని హానికర పదార్థాలేవీ రావనీ ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. కనుక అది నిరపాయమైన పద్ధతి అని అనుకోవచ్చా?

పటాన్‌చెరు_కెమిస్ట్

ఆ 157 అనే అంకె ఎన్ని చోట్ల కాపీ అయిందో చూస్తే నవ్వు వస్తుంది. ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావోనీ 1964లో టీహెచ్‌సీని శుద్ధంగా వేరుచేసి నిర్మాణాన్ని ప్రకటించిన కాలం నుంచీ, దాన్ని స్వేదనం చేసేది గాలి దాదాపు పూర్తిగా తోడేసిన పాత్రలోనే. ఆ 157 అటువంటి శూన్యంలో కొలిచిన మరుగు స్థానం. మామూలు గాలి పీడనంలో టీహెచ్‌సీ మరుగు స్థానం దానికన్నా ఎంతో ఎక్కువ. మరి యంత్రంలో ఆవిరి ఎలా వస్తుందంటారా, మరగకపోయినా పదార్థం ఆవిరి కాగలదు. తడి బట్ట వంద డిగ్రీలు చేరకుండానే ఆరుతుంది కదా. వేడిగాలి పూత మీదుగా వీస్తూ ఉంటే 180 నుంచి 210 డిగ్రీల మధ్య చాలినంత టీహెచ్‌సీ గాలిలోకి చేరుతుంది. వాసన ఇచ్చే టెర్పీన్‌లకు మాత్రం మామూలు పీడనంలో కొలిచిన అంకెలున్నాయి. పైనీన్ 156, మిర్సీన్ 167, నిమ్మ తొక్కల్లోనూ ఉండే లిమొనీన్ 176 డిగ్రీల ప్రాంతంలో మరుగుతాయి. అందుకే వేడి చేయగానే మొదట ఇల్లంతా వాసన పట్టేది.

మంట విషయానికి వస్తే, సిగరెట్ కొన దమ్ము లాగినప్పుడు 900 డిగ్రీల దాకా వెళుతుంది. ఆ వేడిలో ఆకు కాలి, కార్బన్ మోనాక్సైడ్, తారు, బెంజీన్, బహువలయ హైడ్రోకార్బన్‌లు అన్నీ పుడతాయి. గంజాయి ఆకు కాలినా పొగాకు కాలినా ఈ జాబితా పెద్దగా మారదు. కాలిపోయే టీహెచ్‌సీ, గాలిలో కలిసిపోయే పక్క పొగ పోను, పీల్చేవారికి చేరేది కొంతే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ ఏబ్రమ్స్ బృందం 2007లో 18 మంది మీద చేసిన పరీక్షలో, ఆవిరి యంత్రంతో రక్తంలోకి చేరిన టీహెచ్‌సీ పొగతో సమానంగా ఉన్నా, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ మాత్రం చాలా తక్కువగా వచ్చింది. కాలిన ఆకు పొగ తగ్గుతుందన్నది నిజమే. కానీ తగ్గడం వేరు, నిరపాయం వేరు. టీహెచ్‌సీ వల్ల గుండెకూ మెదడుకూ కలిగేది రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే.

రాత్రి_డ్యూటీ

పై సమాధానానికి ఒక చేర్పు. ఎండు పూతను వేడిగాలితో వేడి చేసే యంత్రం ఒకటి, నూనె నింపిన గొట్టాన్ని పీల్చే వేప్ పెన్ మరొకటి. జనం రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. 2019లో అమెరికాలో వేప్ పీల్చినవారి ఊపిరితిత్తులు ఉన్నట్టుండి దెబ్బతినడం మొదలైంది. 2020 ఫిబ్రవరి 18 నాటికి 2,807 మంది ఆసుపత్రుల్లో చేరారు, 68 మంది చనిపోయారు. ఎక్కువమంది అనధికారికంగా కొన్న టీహెచ్‌సీ గొట్టాలు వాడినవారే. చిక్కదనం కోసం కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ ప్రధాన కారణమని తేలింది. చర్మానికి రాసుకుంటే, మింగితే ఇబ్బంది పెట్టని పదార్థమది. వేడి చేసి పీల్చితేనే ఊపిరితిత్తుల్లో చేటు చేసింది. ఒక వస్తువు చల్లగా ఉన్నప్పుడు సురక్షితం కనుక వేడి చేసినా సురక్షితమే అనుకోవడం ఎంత పొరపాటో ఆ ఏడు మా వార్డుల్లో చూశాం. భారతదేశంలోనైతే 2019లో వచ్చిన చట్టం ఈ-సిగరెట్ల అమ్మకాన్ని, దిగుమతిని పూర్తిగా నిషేధించింది.

మూలికా_పుట

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. మీ మూడో ప్రశ్న, అంటే కాశీ తండాయి సంగతి, నా వైపు పడుతుంది కనుక రాస్తున్నాను. మీ స్నేహితుడి మాటా తప్పు కాదు, మీ నాన్నగారి అనుభవమూ అబద్ధం కాదు. మీ స్నేహితుడు చెప్పింది అప్పుడే కోసిన పచ్చి ఆకు గురించి. మీ నాన్నగారు తాగినది ఎండబెట్టి, నిలవచేసిన భంగు ఆకుతో చేసిన ముద్ద. కోసిన ఆకు ఉత్తరాది ఎండలో ఎండుతుంది, గోనె సంచుల్లో నెలలు గడుపుతుంది. పై మిత్రులు చెప్పినట్టు ఆ నెలల్లో కొంత ఆమ్లం దానంతటదే మారిపోతుంది. ఆ తరువాత చాలాచోట్ల ఆకును వేడినీళ్లలో ఉడికించి, కడిగి, మిరియాలు, బాదం, సోంపు, గసగసాలతో కలిపి రాతి మీద చాలాసేపు నూరుతారు. చివరికి గ్లాసులోకి ఐసు పడుతుంది కాబట్టి మనకు చల్లదనమే గుర్తుంటుంది. ఆ గ్లాసు చేతికి రాకముందే వేడి తన పని చేసేసి ఉంటుంది. ఆ పైన చిక్కటి పాలు, బాదం, అంటే కొవ్వు. టీహెచ్‌సీ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఆకులో పూతకన్నా బంక చాలా తక్కువ కనుక తండాయి సాధారణంగా చిలుం అంత ఘాటుగా ఉండదు. కానీ ముద్ద ఎంత వేశారన్నది నూరినవాడి చేతివాటాన్ని బట్టి ఉంటుంది, అందుకే మెట్లు లెక్కతప్పుతాయి.

మన శాస్త్ర గ్రంథాల్లో దీని పేరు విజయ, భంగ. దీన్ని నేరుగా మందులో వాడరు, ముందు శోధనం చేయాలి. ఆకును పచ్చదనం దిగే నీళ్లు తేటబడేదాకా కడిగి, ఆరబెట్టి, ఆవు నేతిలో సన్నటి మంట మీద వేయించడం అందులో ఒక పద్ధతి. కడగడం వల్ల నీటిలో కరిగేవి పోతాయి, బంక పోదు. నేతిలో వేయించడం వల్ల ఆ బంకలోని ఆమ్లం మారి, కొవ్వులో కలుస్తుంది. పూర్వులకు కార్బాక్సిల్ సమూహం తెలియదు, కానీ మూకుడులో ఏం జరుగుతుందో గమనించారు. శోధనమంటే మందు బలాన్ని తగ్గించడమేనని మా విద్యార్థులు కూడా అనుకుంటారు. ఈ మూలిక విషయంలో అది పెంచవచ్చు కూడా. ఔషధాల చట్టం కింద షెడ్యూల్ ఈ(1)లో భంగను విష ద్రవ్యాల జాబితాలో చేర్చారు. అది ఉన్న ఆయుర్వేద మందును వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే వాడాలని సీసా మీద రాయడం తప్పనిసరి.

ఆధునిక వైద్యం కూడా కొవ్వునే ఆశ్రయించిందన్నది నాకు నచ్చే విషయం. అమెరికాలో 1985లో అనుమతి పొందిన డ్రోనాబినాల్ అనే మందు క్యాప్సూళ్లలో కృత్రిమంగా తయారుచేసిన టీహెచ్‌సీని నువ్వుల నూనెలో కరిగించి నింపుతారు. మూర్ఛవ్యాధికి 2018లో వచ్చిన సీబీడీ మందు ఎపిడియోలెక్స్‌ను కూడా నువ్వుల నూనెలోనే తయారుచేశారు. దాన్ని కొవ్వు బాగా ఉన్న భోజనంతో తీసుకుంటే రక్తంలోకి నాలుగైదు రెట్లు ఎక్కువ చేరుతుంది.

నల్లకోటు

ఇంటికి వెళ్లేటప్పుడు ఎవరూ పొరపాటు పడకూడదని చట్టం సంగతి క్లుప్తంగా రాస్తున్నాను. భారతదేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తు పదార్థాల నియంత్రణ చట్టం, మత్తు శాతాన్ని చూడదు, మొక్క భాగాన్ని చూస్తుంది. పూత, కాయ ఉన్న కొనలు గంజాయి. వేరుచేసిన బంక చరస్. పూత కొనలతో కలవకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి నిర్వచనంలోకి రావు. కాశీలో భంగు దుకాణం లైసెన్సుతో నడిచేది ఈ మినహాయింపు వల్లే, అది కూడా ఆ రాష్ట్ర ఎక్సైజు నియమాలకు లోబడి. అయితే గంజాయి లేదా చరస్ కలిపిన ఏ మిశ్రమమైనా, దానితో చేసిన ఏ పానీయమైనా ఆ నిర్వచనంలోకే వస్తుంది. హైదరాబాదులో ఈమధ్య తరచుగా పట్టుబడుతున్న గంజాయి చాక్లెట్లను, విశాఖ మన్యంలో దొరికే గంజాయి సారమైన హ్యాష్ ఆయిల్‌ను మిఠాయి అనో నూనె అనో వదిలేయరు. గంజాయికి చిన్న పరిమాణం 1 కిలో, వాణిజ్య పరిమాణం 20 కిలోలు. చరస్‌కు అవి 100 గ్రాములు, 1 కిలో. చిన్న పరిమాణమైనా నేరమే.

ఇంకొకటి. కొలరాడోలో 21 ఏళ్లు నిండినవారికి రాష్ట్ర చట్టం అనుమతిస్తుంది కానీ, అమెరికా సమాఖ్య చట్టం కింద అది నియంత్రిత పదార్థమే, వీసాలు చూసేది సమాఖ్య చట్టమే. వాడానని వలస అధికారి ముందు ఒప్పుకోవడం కూడా వీసాదారుకు ప్రవేశ నిరాకరణ దాకా తేవచ్చు. మీ నాన్నగారిది తెలియక జరిగిన సంఘటన. ఆసుపత్రి కాగితాల్లో ఆ మాట స్పష్టంగా రాసి ఉందో లేదో చూసి, ఒక నకలు భద్రపరచుకోండి.

కృష్ణాతీరం (ప్రశ్న)

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆసుపత్రి కాగితం చూశాను, తెలియక తిన్నట్టే రాశారు. నాన్నగారికి అన్నీ చదివి వినిపించాను. 358లోంచి 44 తీసివేత ఆయనకు బాగా నచ్చింది. ఇడ్లీ పాత్ర పోలికకు మా అమ్మ ఫోన్‌లో నవ్వింది. ఆయన చివరి ప్రశ్న ఒకటి ఉంది. మిగిలిన మూడు కుకీలు ఇంకా రేకులోనే, ఎవరికీ అందకుండా ఫ్రీజర్‌లో పై అరలో ఉన్నాయి. స్నేహితుడు వచ్చి తీసుకుంటానన్నాడు కానీ రాలేదు. చలికి వాటి బలం తగ్గుతుందా? పారేయాలంటే మళ్లీ ఓవెన్‌లో మాడ్చి పారేయడం మంచిదా?

పటాన్‌చెరు_కెమిస్ట్

చలికి తగ్గదు, చలిలోనే నిలుస్తుంది. పైన చెప్పిన డ్రోనాబినాల్ క్యాప్సూళ్లను చల్లగా, 8 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంచమని తయారీదారే రాస్తారు. మీ ఫ్రీజర్‌లో చీకటి, చలి రెండూ ఉన్నాయి కనుక ఆ కుకీలు నెలల తరువాత కూడా ఇవాళ్టి కుకీల్లాగే పనిచేస్తాయి. ఓవెన్‌లో మాడ్చవద్దు. మాడేలోపు మిగిలి ఉన్న ఆమ్లం కూడా మారిపోతుంది, ఆ మీదట ఇల్లంతా పొగ అవుతుంది. వాటిని పొడి చేసి, తినడానికి ఎవరికీ, కుక్కకు కూడా, మనసు పుట్టనిదేదైనా కలిపి, మూత బిగించిన సంచిలో వేసి చెత్తలో పారేయండి. ఇంట్లో మిగిలిన మందులను తిరిగి తీసుకునే కేంద్రం అందుబాటులో లేకపోతే, చాలావాటిని పొడి చేయకుండా ఇలాగే కలిపి పారేయమని అమెరికా ఔషధ సంస్థ చెబుతుంది. వాడేసిన కాఫీపొడి అందుకు బాగా పనికొస్తుందని ఉదాహరణ కూడా ఇస్తుంది.

కృష్ణాతీరం (ప్రశ్న)

పని అయిపోయింది. నాన్నగారే మూడు కుకీలనూ చపాతీ కర్రతో రేకులోనే పొడి చేసి, ఫిల్టర్‌లో మిగిలిన నాలుగు రోజుల కాఫీ పిప్పిని అందులో పోసి, సంచికి రెండు ముడులు వేశారు. పైన మార్కర్‌తో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ "తినరాదు" అని రాసి, చెత్త బండి వచ్చేదాకా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు.